నా నోట్లోంచి పోయిన ‘ఈ’

నాలుకకు ఎడమ పక్క పుండు. మూడు నెలలైనా మానలేదు. పన్ను గీరుకుంటోందిలే అనుకుని బీకాంప్లెక్స్ మాత్రలు మింగుతూ డ్యూటీ చేశాను. ఖమ్మం, సత్తుపల్లి బస్సులో కండక్టర్ని, గొంతుతోనే నా పని. క్యాన్సర్ అని తేలాక కనిపించిన ప్రతివాళ్లూ గుట్కా తినేదానివా అని అడిగారు. జన్మలో వక్కపలుకు కూడా నమల్లేదు నేను. ఆ ప్రశ్న గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హైదరాబాద్‌లో ఆపరేషన్. దాదాపు సగం నాలుక తీసేసి, మణికట్టు దగ్గరి చర్మాన్ని రక్తనాళంతో సహా తెచ్చి అతికారు. తర్వాత 30 సార్లు రేడియేషన్. అవన్నీ ఎలాగో గడిచాయి. ఆపరేషనైన మూడో రాత్రి మాత్రం ఇంకా నన్ను వదల్లేదు.

మెడలో గొట్టం పెట్టారు. ఊపిరి అక్కడే వచ్చి అక్కడే పోతుంది, గాలి స్వరతంత్రుల దాకా చేరదు కాబట్టి గొంతు పూర్తిగా మూగ. రెండు దాటాక గొట్టంలో కఫం అడ్డుపడింది. మా ఆయన కుర్చీలో నిద్రపోతున్నాడు, చేయి చాపినా అందడు. ‘అమ్మా’ అనబోయాను. పుట్టిన బిడ్డకు కూడా వచ్చే ఆ ఒక్క ‘ఆ’ నాకు రాలేదు. కళ్లు చీకట్లు కమ్ముతుంటే స్టీలు గ్లాసుతో మంచం ఊచల్ని కొట్టాను, కొడుతూనే ఉన్నాను. నర్సు పరుగెత్తుకొచ్చి కఫం లాగేసింది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

డిశ్చార్జ్ రోజు ‘మాట వస్తుందా’ అని కాగితం మీద రాసి చూపిస్తే, డాక్టరు నావైపు చూడకుండా మా ఆయనతో అన్నాడు: “ప్రాణం దక్కింది కదండీ, మాటదేముంది.” ప్రాణం నిలబెట్టింది ఆయనే, కాదనను. కానీ ఆ మాట నమ్మి ఐదు నెలలు పోగొట్టుకున్నాను. స్పీచ్ థెరపీ అని ఒకటుందని ఎవరూ చెప్పలేదు, చివరికి మా అమ్మాయే ఎక్కడో విని తీసుకెళ్లింది.

అప్పటికి గొట్టం తీసేసి చాలా రోజులైంది, గొంతు వచ్చింది, కానీ ‘ఈ’ పోయింది. టీ అడిగితే ‘టే’, పీట అంటే ‘పేట’, సత్తుపల్లి కాస్తా ‘సత్తుపల్లె’. ఎందుకో థెరపిస్ట్ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. “హల్లుకైతే నాలుకో పెదవులో ఎక్కడో ఒకచోట అడ్డుపడాలి ఆంటీ, అచ్చుకి అడ్డమేమీ ఉండదు, నోటి లోపలి ఖాళీ ఆకారం మారుతుందంతే” అంది. ‘ఆ’కి దవడ తెరిస్తే చాలావరకు సరిపోతుంది, ‘ఊ’కి పెదవులు సాయం చేస్తాయి. ‘ఈ’కి మాత్రం నాలుక ముందు భాగం అంగిలి దగ్గరికి లేవాలి, నాది లేవదు. కంప్యూటర్లో నా గొంతు చూపించింది. నోటి ఖాళీలో ఏ స్థాయి ధ్వని బలంగా మోగుతుందో చూపే గీతలవి. ‘ఈ’ అన్నప్పుడు మొదటి రెండు గీతలు బాగా ఎడంగా ఉండాలి, ఆడవాళ్లకైతే ఒకటి 300 హెర్ట్జ్ దగ్గర, రెండోది 2,500 పైన. నావి దగ్గరికి జరిగిపోయాయి, అందుకే వినేవాళ్ల చెవికి ‘ఏ’లా తగులుతోంది.

ఇంట్లోవాళ్లకు అర్థమై బయటివాళ్లకు ఎందుకు కావడం లేదని ఏడ్చాను. చెవి ఒక్కో మనిషి గొంతుకు అలవాటు పడుతుందట, మిగతా అచ్చులు విని ఈ మనిషి ‘ఈ’ ఇలా ఉంటుందని లెక్క కట్టుకుంటుందట. అందుకని ఒక్క మాటతో ఆపకుండా వాక్యం మొత్తం చెప్పమంది. ‘టీ’ అంటే కానిది ‘కొంచెం వేడి టీ ఇవ్వు’ అంటే అయింది.

అసలు మేలు చేసింది ప్లేటు. కట్టుడు పళ్ల సెట్టులా అంగిలికి తొడుగుతారు. నాలుక పైకి లేవకపోతే పైకప్పునే కిందికి దించడం అన్నమాట. ఇంత చిన్న ప్లేటు గురించి ఐదు నెలల ముందు ఒక్కరంటే ఒక్కరు చెప్పి ఉంటే! నోటి ఆపరేషన్ అయినవాళ్లు డిశ్చార్జ్‌కి ముందే దీని గురించి, థెరపీ గురించి గట్టిగా అడగండి. మూడు వారాల్లో మానని పుండును నాలాగా దాచుకోకండి.

మా మనవడికి ఏడో నెల. ఆరు నెలలకే పిల్లల చెవి ఇంటి భాష అచ్చులకు కుదురుకోవడం మొదలుపెడుతుందట. వాడు నా ‘ఈ’ విని తప్పు నేర్చుకుంటాడేమోనని చాలా రోజులు వాడి ముందు నోరు మెదపలేదు. ఇంట్లో అందరి మాటలూ వింటాడు, మీరూ మాట్లాడండి అంది ఆ థెరపిస్ట్ అమ్మాయి. ఇప్పుడు వాడు ఉంగా అంటే నేను ఈ అంటాను.

భద్రాద్రి రాముడి మొక్కు తీర్చుకున్నాను. సోమవారం డ్యూటీలో చేరుతున్నాను, ముందు డిపోలోనే. వైరా, తల్లాడ, కల్లూరు, పెనుబల్లి, సత్తుపల్లి అని రోజూ వంటింట్లో గట్టిగా పిలుస్తున్నాను. పెనుబల్లి దగ్గర ఇంకా తడబడుతోంది.