బాపు బండి క్లచ్

కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే ఇంజన్ మొత్తుకునుడే గానీ బండి గుంజుత లేదు. బాపు నడిపిన బైకు, 22 ఏండ్లయింది. ముందుగాల క్లచ్ కేబుల్ మీదనే అనుమానం. లివర్ కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట, అంటే వదులు, ఉండాలె, మంచిగనే ఉంది. హన్మకొండల మెకానిక్ అన్న కవర్ ఇప్పి, కమురు వాసన చూసి, "తమ్మీ, ఏం ఆయిల్ పోసినవ్?" అన్నడు.

కారుది. ఇంట్ల మిగిలింది, పారబోసుడెందుకని!

కొన్ని కారు ఆయిళ్లల్ల రాపిడి తగ్గించే మందు కలుపుతరు. మన బండ్ల క్లచ్ ప్లేట్లేమో ఆయిల్లనే మునిగి ఉంటయి, వాటికి ఆ రాపిడే ప్రాణం. ప్లేట్లు సుత అరిగి నున్నగైనయి. కొత్తయి ఆయిల్ల నానబెట్టి బిగించిండు, స్ప్రింగులు కూడ మార్చిండు. వచ్చేటప్పుడు బ్రిడ్జి ఊకెనే ఎక్కింది.

బాపుకు మాత్రం కేబుల్ తెగిందనే చెప్పిన.