90 మిల్లీలీటర్లకి నాలుగు గంటలు

నిన్న రేసు అయ్యాక నాకు మొదటిసారి డోప్ టెస్ట్ చేశారు. ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

పదివేల మీటర్లు. నాలుగో స్థానమే అనుకోండి, కానీ ఇన్నేళ్లలో నా బెస్ట్ టైమ్ అదే. గీత దాటి ఊపిరి పీల్చుకునేలోపే మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు వచ్చి సంతకం పెట్టమన్నాడు. అక్కణ్ణుంచి నీడలా వెంటే. కార్డు చూపించడం, సీలు వేసిన కప్పుల్లోంచి ఒకటి ఎంచుకోవడం, చేతులు కడుక్కోవడం ఐదు నిమిషాల పని.

అసలు కథ బాత్రూములో. చొక్కా ఛాతీ పైకి ఎత్తి, నిక్కరు మోకాళ్ల దాకా దించి నిలబడాలి. ఒకాయన పక్కనే నిలబడి చూస్తుంటాడు, మొహం వంక కాదు. ఎవరెవరో వేరేవాళ్ల మూత్రం దాచుకొచ్చి కప్పులో పోశారు, వాళ్ల పుణ్యమా అని మనకీ మర్యాద. పది కిలోమీటర్లు చెమటోడ్చిన ఒంట్లో ఏం మిగులుతుంది? కుళాయి తిప్పించుకున్నా, కళ్లు మూసుకున్నా, అంకెలు లెక్కపెట్టా. పావుగంటకి 40 మిల్లీలీటర్లు. కావాల్సింది 90. "తొందరేం లేదండీ" అన్నాడాయన, అటే చూస్తూ. ఆ కాస్తా సీలు చేసి పక్కన పెట్టారు.

అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని, సీసా మీద సీసా నీళ్లు తాగడం. గంటన్నర తర్వాత రెండూ కలిపితే 120. గట్టెక్కాననుకున్నా. ఆయన రెండు చుక్కలు పరికరంలో వేసి చూసి పెదవి విరిచాడు. సాంద్రత 1.003 ఉంది, 1.005 ఉండాలట. అదే 150 మిల్లీలీటర్లు ఉంటే 1.003 సరిపోయేదట! "పల్చగా ఉంది, ఇంకోసారి ఇవ్వాలి. ఈసారి నీళ్లు ఎక్కువ తాగకండి." ఆ మాటేదో ముందే అంటే ముత్యాలు రాలిపోతాయా? మళ్లీ చొక్కా పైకి. నా తర్వాత వచ్చినవాళ్లు ముగ్గురు ఇచ్చేసి వెళ్లిపోయారు. తోడుంటానన్న మా మేనేజర్ ఒకసారి తొంగిచూసి "ఇంకా అవలేదా?" అని, టీమ్ బస్సెక్కి చక్కా పోయాడు. తోడుగా ఒకరిని తెచ్చుకునే హక్కు మనకుంది. ఇలాంటి మనిషిని మాత్రం తెచ్చుకోకండి.

మూడోసారికి సరిపోయింది. 'ఏ' అని రాసిన సీసాలో కొంత, 'బీ' అని రాసిన సీసాలో కొంత నా చేత్తోనే పోసి మూత బిగించా. ముందు 'ఏ'ని పరీక్షిస్తారు, అందులో ఏదైనా దొరికితే 'బీ'తో సరిచూస్తారు. బిగిస్తుంటే అమెరికా పరుగుల రాణి మారియన్ జోన్స్ గుర్తొచ్చింది. 2006లో ఆమె 'ఏ' శాంపిల్‌లో ఈపీఓ (ఎర్ర రక్తకణాలు పెంచే నిషేధిత మందు) దొరికింది, 'బీ'లో దొరకలేదు, శిక్ష తప్పించుకుంది. మరుసటి ఏడాది తనే స్టెరాయిడ్లు వాడానని ఒప్పుకుని సిడ్నీ ఒలింపిక్స్ పతకాలు ఐదూ తిరిగిచ్చింది. వాడినవాళ్లు అలా దాటుకుపోతారు, నేనేమో చుక్కచుక్కకీ లెక్క అప్పజెప్పాలి.

ఫారంలో గత 7 రోజుల మందులు రాయాలి. "విటమిన్లు రాయక్కర్లేదు" అని ఇదివరకు మా టీమ్ డాక్టర్ అన్నాడు. నేను దగ్గు మందుతో సహా అన్నీ రాశా. ఏదైనా తేలితే ముందు వేటు పడేది ఆయన మీద కాదు. విసుగొచ్చి మధ్యలో లేచిపోదామని కూడా అనిపించింది కానీ, టెస్ట్ ఇవ్వకుండా పోతే నాలుగేళ్ల నిషేధం దాకా పడొచ్చు.

కాపీ జేబులో పెట్టుకుని బయటికొచ్చేసరికి స్టేడియంలో దీపాలు ఆర్పేస్తున్నారు. టాక్సీ మాట్లాడుకున్నా. దారిలో మూడుసార్లు ఆపించాను.