మానిటర్ పక్కన పెట్టి హెడ్‌సెట్‌తో విమానం నడపడం: నా అనుభవం

కంప్యూటర్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మానిటర్ మీద సెస్నా 172 అనే చిన్న విమానాన్ని దించేవాళ్లు ఎత్తు చూపే ఆల్టిమీటర్ చూసి, దిగే వేగం చూసి, మనసులో లెక్క వేసుకుని ముక్కు ఎత్తుతారు. ఆఖరి ఇరవై అడుగుల్లో ఆ లెక్క పనికిరాదు, సూది అంత సన్నగా చూపించదు. నిజం విమానంలో పైలట్ ఆ ఎత్తుని కళ్లతోనే పట్టుకుంటాడు. హెడ్‌సెట్‌లో రన్‌వే అసలు కొలతతో కనిపిస్తుంది. కిందకి దిగుతున్నకొద్దీ దాని అంచులు రెండు పక్కలా విచ్చుకోవడం ఓరచూపుకే తెలిసిపోతుంది. మానిటర్ వదిలి వీఆర్‌కి (వర్చువల్ రియాలిటీకి) రావడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఈ సౌకర్యం 2020 డిసెంబరు నుంచి ఉంది. నేను విజయనగరంలో ఇంటి దగ్గర దాన్నే మెటా క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌తో నడుపుతున్నాను కాబట్టి వివరాలన్నీ ఆ జోడీకి చెందినవే.

ముందే ఒక మాట చెప్పాలి. వీఆర్‌లో బొమ్మ స్పష్టత రెండో సంగతి, బొమ్మ తడబడకుండా నడవడం మొదటిది. ఈ వరస తిరగేసినవాళ్లు తల తిరిగి హెడ్‌సెట్‌ని అల్మరాలో పెట్టేస్తున్నారు.

సామాను గురించి క్లుప్తంగా చెప్తాను. క్వెస్ట్ 3లో ఒక్కో కంటికి 2064×2208 పిక్సెళ్లు. రెండూ కలిపితే 91 లక్షలు, అంటే 4కే మానిటర్ కన్నా ఎక్కువ. లెన్సు వంపుని సరిదిద్దడానికి సిమ్ (సిమ్యులేటర్) అంతకన్నా పెద్ద బొమ్మే గీయాలి. అందుకే గ్రాఫిక్స్ కార్డులో 12 జీబీ మెమరీ ఉండాలంటాను. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070లో అంత ఉంది. అదే పేరుతో వచ్చే లాప్‌టాప్ కార్డులో 8 జీబీయే ఉంటుంది, కొనేముందు చూసుకోండి. సెకండ్‌హ్యాండ్‌లో హెచ్‌పీ రివర్బ్ జీ2 చవకగా దొరుకుతుంది గానీ, విండోస్ 11 24హెచ్2 నుంచి మైక్రోసాఫ్ట్ ఆ తరహా హెడ్‌సెట్లకి మద్దతు తీసేసింది. దాని జోలికి పోకపోవడం మంచిది.

పెట్టె విప్పగానే చేయాల్సిన పని కనుపాపల మధ్య దూరం కొలిపించుకోవడం. ఊళ్లో ఏ కళ్లజోళ్ల షాపులోనైనా పీడీ ఎంత అని అడిగితే మిల్లీమీటర్లలో చెప్తారు. హెడ్‌సెట్ కింది అంచున ఉన్న చిన్న చక్రం తిప్పుతుంటే తెర మీద అంకె కనిపిస్తుంది, దాన్ని మీ కొలతకి తెచ్చుకోవాలి. చక్రం 58 నుంచి 71 వరకు తిరుగుతుంది. కొలత రెండు మూడు మిల్లీమీటర్లు తప్పినా అరగంటలో కళ్లు లాగుతాయి. అద్దాలు పెట్టుకునేవాళ్లు వాటి మీదే హెడ్‌సెట్ తగిలిస్తే రెండు గాజులూ రాసుకుని గీతలు పడతాయి, ఆ గీతలు పోవు. లెన్సు మీద అమరే పవర్ అద్దాలు విడిగా చేయించుకోవాలి. వాటికి దూరపు చూపు పవరే ఇవ్వాలి, చదువుకునే పవర్ కాదు. కాక్‌పిట్ ప్యానెల్ మూరెడు దూరంలో ఉన్నట్టు అనిపించినా, లెన్సు దాన్ని కంటికి మీటరుకి పైన దూరంలో నిలబెడుతుంది. సిలిండర్ పవర్ ఉంటే యాక్సిస్ కూడా సరిగ్గా రాయించుకోండి.

తర్వాతది కంప్యూటరుకీ హెడ్‌సెట్‌కీ మధ్య దారి. కేబులు వాడేవాళ్లు యూఎస్‌బీ 3 కేబులే వాడాలి, సీపీయూ డబ్బా ముందు వైపు కాకుండా వెనక మదర్‌బోర్డు పోర్టులోనే గుచ్చాలి. మామూలు యూఎస్‌బీ 3 పోర్టు ఇచ్చేది నాలుగున్నర వాట్లు. హెడ్‌సెట్ తినేది అంతకన్నా ఎక్కువ. కాబట్టి కేబులు పెట్టినా బ్యాటరీ మెల్లగా దిగుతూనే ఉంటుంది. పొడుగు ప్రయాణాలకి పక్కనుంచి చార్జర్ తగిలించుకునే రకం కేబులు తీసుకోవాలి.

నేను కేబులు లేకుండా, కంప్యూటర్ బొమ్మని వైఫై మీద హెడ్‌సెట్‌కి పంపే వర్చువల్ డెస్క్‌టాప్ అనే యాప్ వాడుతున్నాను. కంప్యూటర్ వైఫై మీద ఉండకూడదు, రౌటర్ నుంచి లాన్ కేబులు రావాలి. విండోస్‌లో ఈథర్‌నెట్ లింక్ స్పీడ్ 1000 అని కనిపించాలి. 100 అని ఉంటే కేబులులో ఒక జత తెగినట్టు, లేదా ఫైబర్ డబ్బాలో తక్కువ స్పీడు పోర్టుకి గుచ్చినట్టు. ఇంటర్‌నెట్ ప్లాన్ వేగానికీ దీనికీ సంబంధం లేదు. రౌటర్ ఆడుకునే గదిలోనే ఉండాలి. హాల్లో పెట్టి గోడ అవతల కూర్చుంటే మధ్యమధ్యలో బొమ్మ చెదురుతుంది. 5 గిగాహెర్ట్జ్ పేరుని 2.4 నుంచి విడదీసి, చానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెట్టి, హెడ్‌సెట్ ఒక్కదాన్నే దానికి కలపండి. వైఫై 6 రౌటర్ అయితే హెడ్‌సెట్‌లో 1200 ఎంబీపీఎస్ దగ్గర చూపిస్తుంది. ఈ మార్గం ఎంచుకుంటే కంప్యూటరులోని స్ట్రీమర్ సెట్టింగుల్లో ఓపెన్‌ఎక్స్ఆర్ రన్‌టైమ్‌గా (సిమ్‌నీ హెడ్‌సెట్‌నీ కలిపే సాఫ్ట్‌వేర్‌గా) ఆ యాప్ సొంతదైన వీడీఎక్స్ఆర్ పెట్టుకోవాలి. లేకపోతే బొమ్మ స్టీమ్‌వీఆర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ గుండా చుట్టుతిరిగి వచ్చి కొంత శక్తిని తినేస్తుంది.

ఇక అసలు పని ఫ్రేములది. 72 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 72 ఫ్రేముల (బొమ్మల) చొప్పున, ఒక్కో ఫ్రేముకి దొరికేది 13.9 మిల్లీసెకన్లు. 90కి వెళ్తే 11.1. ఈ సిమ్‌లో ఊళ్ల మీద ఆ వేగం నిలబెట్టడం పెద్ద కార్డులకే కష్టం. నేను హెడ్‌సెట్‌ని 72లో ఉంచి, సింక్రనస్ స్పేస్‌వార్ప్ ఎప్పుడూ ఆన్‌లో పెట్టాను. అప్పుడు సిమ్ 36 ఫ్రేములు గీస్తే చాలు, మధ్య ఫ్రేముల్ని హెడ్‌సెట్ కల్పించుకుంటుంది. అంటే ఫ్రేముకి 27.8 మిల్లీసెకన్లు దొరికినట్టు. దీనికి ఒక వెల ఉంది: ప్రొపెల్లర్ చుట్టూ, రెక్కని పట్టి ఉంచే స్ట్రట్ వెనక నేల కొంచెం నీళ్లలా అలలాడుతుంది. నా లెక్కలో అది భరించదగ్గదే. స్పేస్‌వార్ప్‌ని ఆటోమేటిక్‌లో వదిలేస్తే మాత్రం అది ఒకసారి వచ్చి ఒకసారి పోతూ ఉంటుంది. ఆ మారే క్షణంలోనే కడుపులో తిప్పుతుంది.

తడబాటు ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోడానికి వర్చువల్ డెస్క్‌టాప్‌లో పెర్ఫార్మెన్స్ ఓవర్లే ఆన్ చేయండి. గేమ్, ఎన్‌కోడింగ్, నెట్‌వర్కింగ్, డీకోడింగ్ అని నాలుగు అంకెలు వస్తాయి. నెట్‌వర్కింగ్ ఎగిరెగిరి పడుతుంటే రౌటర్ సంగతి చూడాలి, గ్రాఫిక్స్ ఎంత తగ్గించినా లాభం లేదు. డీకోడింగ్ పెరిగితే బిట్‌రేట్ (సెకనుకి పంపే వీడియో డేటా) మరీ ఎక్కువ పెట్టినట్టు. గేమ్ పెరిగితేనే సిమ్ సెట్టింగులకి వెళ్లాలి. చాలామంది ఈ అంకెలు చూడకుండానే మేఘాలు తగ్గించడం, నీడలు తీసేయడం మొదలుపెడతారు, వ్యాధి ఒకచోట ఉంటే మందు ఇంకోచోట వేసినట్టు.

సిమ్‌లో వీఆర్‌కి గ్రాఫిక్స్ పేజీ వేరుగా ఉంటుంది, మానిటర్ పేజీలో చేసిన మార్పులు దీనికి రావు. డెవలపర్ మోడ్‌లో ఎఫ్‌పీఎస్ పట్టీ తెరిస్తే వేగాన్ని ఆపుతున్నది మెయిన్ థ్రెడ్డో జీపీయూనో రాసి ఉంటుంది. మెయిన్ థ్రెడ్ అయితే ప్రాసెసర్ మోయలేకపోతోందని అర్థం: టెర్రైన్ ఎల్‌ఓడీ (దూరపు నేలని ఎంత వివరంగా గీయాలో చెప్పే అంకె) 100కి దించాలి, ట్రాఫిక్ తగ్గించాలి. జీపీయూ అయితే మేఘాలు హై నుంచి మీడియంకి, నీడలూ రిఫ్లెక్షన్లూ కిందికి. టెక్స్‌చర్లు అల్ట్రాలో పెడితే వీడియో మెమరీ నిండిపోతుంది. నిండాక ఫ్రేములు మెల్లగా తగ్గవు, ఒక్కసారి నాలుగైదుకి పడిపోతాయి. అలా జరిగితే టెక్స్‌చర్లనే మొదట అనుమానించండి.

చిన్న బొమ్మ గీసి పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్‌కీ, బొమ్మ అంచుల్ని నున్నగా చేసే టీఏఏకీ మధ్య ఏది అన్నది మీరు నడిపే విమానాన్ని బట్టి ఉంటుంది. గుండ్రటి సూదుల డయల్స్ ఉన్న 172కి డీఎల్ఎస్ఎస్ క్వాలిటీ చక్కగా సరిపోతుంది. సూదుల బదులు జీ1000 అనే డిజిటల్ తెరలున్న 172లో ఎత్తు అంకెలు దొర్లేటప్పుడు వెనక తోకలాగా మసక సాగుతుంది, అక్కడ టీఏఏ నయం. ఎలా పెట్టినా మానిటర్ అంత స్పష్టత రాదు, అది ముందే ఒప్పుకోవాలి. 27 అంగుళాల 1440పీ మానిటర్‌ని రెండడుగుల దూరం నుంచి చూస్తే చూపులో ఒక డిగ్రీకి 45 పిక్సెళ్ల పైనే వస్తాయి, క్వెస్ట్ 3లో 25. దాదాపు సగం. అందుకే రేడియో ఫ్రీక్వెన్సీ చదవాలంటే ప్యానెల్ వైపు వంగాలి. వంగితే నిజంగానే దగ్గరవుతుంది, అంకె విడిపోయి కనిపిస్తుంది. ఈ అలవాటు తొందరగానే వస్తుంది.

చేతుల సంగతి సిమ్‌లోకి దిగకముందే తేల్చుకోవాలి, హెడ్‌సెట్ పెట్టాక కీబోర్డు కనబడదు. లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో లాంటి మామూలు జాయ్‌స్టిక్ చాలు. పన్నెండు బటన్లు, పైన టోపీ స్విచ్చు, తిప్పితే రడ్డర్ (ముక్కుని కుడి ఎడమలకి తిప్పే తోక పలక). మానిటర్ రోజుల్లో టోపీ స్విచ్చు పక్కలకి చూడటానికి ఉండేది. ఇప్పుడు తల తిప్పితే సరిపోతుంది కాబట్టి ఆ స్విచ్చు ఖాళీ అవుతుంది. దాని పైకీ కిందకీ ఎలివేటర్ ట్రిమ్ (స్టిక్ పట్టుకోకుండానే ముక్కుని ఒకే ఎత్తులో నిలిపేది), కుడి ఎడమలకి ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక దించే పలకలు) ఇచ్చాను. ట్రిగ్గరుకి బ్రేకులు. వీఆర్ కెమెరాని మధ్యకి తెచ్చే ఆదేశానికి తప్పకుండా ఒక బటన్ ఉంచండి, ప్రతిసారీ కుర్చీ కొంచెం జరిగే ఉంటుంది. ఇంకోటి పాజ్‌కి. బటన్లు తడిమి గుర్తుపట్టడానికి వాటి మీద చిన్న ఫెల్ట్ ముక్కలు అంటించడం మేలు. జాయ్‌స్టిక్ బరువు తక్కువ, బల్ల మీద జారిపోతుంది, కింద రబ్బరు మ్యాట్ వేయండి. చక్రాల మీద గిర్రున తిరిగే ఆఫీసు కుర్చీ వద్దు, రడ్డర్ తిప్పినప్పుడల్లా మనిషి తిరుగుతాడు. నీళ్ల గ్లాసు కోసం హెడ్‌సెట్ తీయక్కర్లేదు, పక్కన రెండుసార్లు తట్టితే గది కనిపిస్తుంది.

విమానంలో కూర్చున్నాక ఎత్తు సరిచూసుకోండి. డ్యాష్‌బోర్డు పైఅంచు మీదుగా ఇంజన్ మూత కొంచెం కనిపిస్తూ, దాని మీద దిగంతం గీత నిలవాలి. తక్కువ ఎత్తులో కూర్చుంటే దిగేటప్పుడు రన్‌వే దాగిపోతుంది, ఎక్కువైతే ప్రతిసారీ ఆలస్యంగా ముక్కు ఎత్తుతారు.

మొదట్లో విశాఖపట్నం నుంచి సర్క్యూట్లే తిరగండి, అంటే ఎగిరి, రన్‌వే చుట్టూ ఒక చుట్టు తిరిగి, అక్కడే దిగడం. సిమ్‌లో ఆ విమానాశ్రయాన్ని వెతకడానికి ఐసీఏఓ కోడ్ వీఓవీజెడ్. రన్‌వే 10/28 మూడు కిలోమీటర్ల పైచిలుకు, 172కి కావాల్సినదానికన్నా చాలా ఎక్కువ. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండలు. వెయ్యి అడుగుల మీద డౌన్‌విండ్‌లో (రన్‌వేకి సమాంతరంగా, దిగే దిశకి ఎదురుగా) వెళ్తుంటే ఆ కొండలు ఎంత పక్కనే ఉన్నాయో వీఆర్‌లో ఒంటికి తెలుస్తుంది. రన్‌వే మొదలు భుజం వెనక 45 డిగ్రీల్లోకి వచ్చాక బేస్ మలుపు, అంటే రన్‌వే వైపు అడ్డంగా తిరగడం. మానిటర్ మీద ఈ చూపు కోసం బటన్ నొక్కి, మళ్లీ ముందుకి వచ్చేసరికి రెక్క వాలిపోయి ఉంటుంది. హెడ్‌సెట్‌లో మెడ తిప్పి చూస్తూనే చేతితో విమానాన్ని సమంగా పట్టుకోవచ్చు. ఫైనల్‌లో, అంటే రన్‌వేకి సూటిగా దిగే ఆఖరి దారిలో, వేగం 65 నాట్లు. రన్‌వే మొదట్లో రాసిన అంకెలు దాటగానే చూపుని రన్‌వే చివరికి పంపి, అంచులు విచ్చుకునే వేగాన్ని ఓరకంట పట్టుకుని, పవర్ తీసి, స్టిక్ మెల్లగా వెనక్కి లాగండి.

సర్క్యూట్లు కుదిరాక తీరం పట్టుకుని ఈశాన్యంగా కళింగపట్నం వరకు వెళ్లొచ్చు. అరవై నాటికల్ మైళ్ల పైచిలుకు, 172లో ముప్పావుగంట లోపే. భీమిలి దగ్గర గోస్తని, కళ్లేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట్లే దారి గుర్తులు. మ్యాపు తెరవకుండా కిటికీలోంచి చూసి నడపడానికి ఇంతకన్నా సులువైన దారి మన జిల్లాల్లో లేదు.

తల తిరుగుడు గురించి దాచుకోనక్కర్లేదు, చాలామందికి వస్తుంది. ఆశ్చర్యంగా గాల్లో కన్నా నేల మీద టాక్సీ చేసేటప్పుడే (విమానాన్ని చక్రాల మీద నడిపేటప్పుడే) ఎక్కువ. నేల కంటికి దగ్గరగా పరుగెడుతుంది, ఒంటికి మాత్రం ఏ కదలికా తెలీదు. అందుకని మొదట్లో రన్‌వే మీద నుంచే మొదలుపెట్టండి. బయటి కెమెరా, రీప్లే వద్దు. ఒక టేబుల్ ఫ్యాన్ ముందు నుంచి తగిలేలా పెట్టండి. గది ఎటువైపో ఒంటికి గుర్తుంటుంది, ఉక్కపోతకీ అదే మందు. నోట్లో నీరూరినా, చెమట చల్లగా పట్టినా అక్కడితో ఆపేయాలి. ఓర్చుకుంటే అలవాటవుతుందన్న మాట నమ్మకండి, మరుసటి రోజు హెడ్‌సెట్ చూస్తేనే వికారం మొదలవుతుంది.

మన ఎండాకాలంలో ఇంకో బెడద చెమట. ముఖానికి ఆనే స్పాంజి పీల్చేసుకుని వాసన వేస్తుంది. కడుక్కునే సిలికాన్ తొడుగు వేసుకోండి. ఏసీ గదిలోంచి బయటి ఉక్కలోకి తెచ్చిన హెడ్‌సెట్ లెన్సుల మీద ఆవిరి కడుతుంది, తుడవకుండా పది నిమిషాలు ఆగితే అదే పోతుంది. లెన్సుకి పొడి మైక్రోఫైబర్ గుడ్డే, స్పిరిట్ తగలకూడదు. కిటికీ ఎండ లెన్సు మీద పడితే లోపలి తెర కాలి మచ్చ పడుతుంది, అది బాగుకాదు.

కరెంటు పోతే హెడ్‌సెట్‌కి బ్యాటరీ ఉంటుంది గానీ కంప్యూటర్ ఆగిపోతుంది. ఇలాంటి కంప్యూటర్ సిమ్ నడిపేటప్పుడు 350 వాట్ల పైన లాగగలదు, కాబట్టి 600 వీఏ యూపీఎస్ చాలదు, కనీసం 1000 వీఏ కావాలి. ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలంటే అది సైన్ వేవ్ రకమై ఉండాలి. స్క్వేర్ వేవ్ మీద చాలా పవర్ సప్లైలు నిలబడవు. రౌటర్ కూడా అదే యూపీఎస్ మీద ఉండాలి.

మానిటర్‌ని తీసి అమ్మేయకండి. ఎయిర్‌బస్ ఎంసీడీయూలో (కాక్‌పిట్ కంప్యూటర్ తెరలో) రూటు నింపడం, చార్టులు చదువుతూ మేఘాల్లో ఐఎల్ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో సంకేతం) పట్టుకోవడం, రెండు మూడు గంటల ప్రయాణాలు దాని మీదే హాయి. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు, గంట దాటాక మెడకి తెలుస్తుంది. దాంతో వచ్చే గుడ్డ పట్టీ బరువంతా బుగ్గల మీదే మోపుతుంది. తల వెనక గట్టిగా పట్టే పట్టీ మార్చి, దానికి చిన్న పవర్‌బ్యాంకు కడితే ముందూ వెనకా బరువు సమానమవుతుంది, చార్జింగూ కలిసొస్తుంది. హెడ్‌సెట్ తర్వాత నేను డబ్బు పెట్టమని చెప్పేది దానికే.