నీళ్లలోంచి లేచిన 2106

నాన్న అమెరికా వచ్చిన రెండో వారంలో ఫ్లోరిడాలోని పెన్సకోలా తీసుకెళ్లాను. అక్కడి నేవీ మ్యూజియంలో ఆయనకు చూపించాలనుకున్నది ఒకే ఒక్క విమానం. రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్, డగ్లస్ ఎస్‌బీడీ-2 డాంట్‌లెస్, నంబరు 2106. నాన్న ఆర్టీసీ వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు బస్సులకు రేకులు బిగించిన మనిషి.

రెక్కల వెనక ఫ్లాపుల మీద జల్లెడలా ఉన్న చిల్లులు చూసి "ఇవన్నీ తూటాలేనా?" అన్నారు. కాదు, అవి తయారీలోనే పెట్టినవి. విమానం నిటారుగా కిందికి దూకేటప్పుడు ఆ ఫ్లాపులు తెరుచుకుని వేగాన్ని ఆపుతాయి. చిల్లులుంటే తోక అదరదు.

తూటాల సంగతి వేరు. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసినప్పుడు ఈ విమానం అక్కడే, ఫోర్డ్ ఐలాండ్‌లో ఉంది. 1942 మార్చి 10న లెక్సింగ్టన్ అనే విమాన వాహక నౌక మీంచి లేచి న్యూగినీ దాడికి వెళ్లింది. తర్వాత అమెరికా మెరైన్ సైనికుల చేతికొచ్చి పసిఫిక్ సముద్రంలోని మిడ్‌వే దీవి చేరింది.

జూన్ 4 ఉదయం దాన్ని నడిపింది డానియల్ ఐవర్సన్. వెనక సీట్లో మెషిన్‌గన్ పట్టుకుని వాలెస్ రీడ్. దళంలో చాలామందికి ఈ రకం విమానం కొత్త. అందుకే దళం నాయకుడు మేజర్ హెండర్సన్ నిటారుగా కాకుండా ఏటవాలుగా దిగుదామన్నాడు. వెళ్లిన 16 విమానాల్లో 8 మాత్రమే తిరిగొచ్చాయి. హెండర్సన్ రాలేదు. జపాన్ విమాన వాహక నౌక హిర్యూ మీద వాళ్లు వేసిన బాంబుల్లో ఒక్కటీ తగల్లేదు. ఇది చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది.

2106 ఒంటినిండా 200కు పైగా చిల్లులతో వచ్చి, ఒక్క చక్రం మీద దిగింది. ఐవర్సన్ మెడ దగ్గరి మైక్ తీగను తూటా తెంపేసింది. అది చెప్పగానే నాన్న తన మెడ తడుముకున్నారు.

అంత దెబ్బతిన్నా దాన్ని తుక్కులో వేయలేదు. అమెరికాకు తెచ్చి, మాట్లు వేసి, శిక్షణకిచ్చారు. 1943 జూన్ 11న మిషిగన్ సరస్సులో సేబుల్ నౌక మీద దిగబోయి నీళ్లలో పడింది. (సేబుల్ అంటే బొగ్గుతో నడిచే, పక్కన పెద్ద చక్రాలున్న పాత ప్రయాణికుల ఓడ. పైన విమానాలు దిగే డెక్ వేసి శిక్షణకు వాడుకున్నారు.) పైలట్ బతికాడు. విమానం యాభై ఏళ్లు అడుగునే ఉండిపోయింది. చల్లటి మంచినీళ్లు కాబట్టి పాడైపోలేదు. 1994లో పైకి తీసినప్పుడు ఆ మాట్లు ఇంకా ఉన్నాయి.

నాన్న అక్కడే ఆగిపోయారు. రేకుకు మాటు వేయాలంటే ఇద్దరుండాలి. బయట రివెట్ గన్ పట్టేవాడొకడు, లోపల డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించేవాడొకడు.

"లోపల కూచున్నవాడి చెవులు దెబ్బతినుంటాయిరా" అన్నారు.

ఆయనకు కుడిచెవి వినపడక పదేళ్లయింది.