మాల తీసిన మర్నాడు

ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకునేవాణ్ణి. 41 రోజులు చుక్క ముట్టేవాణ్ణి కాదు. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసిన మర్నాడు సాయంత్రానికి వైన్స్ ముందు ఉండేవాణ్ణి. "అన్ని రోజులు ఆగగలిగినవాణ్ణి, నేను తాగుబోతునెలా అవుతాను?" అని మా ఆవిడతో వాదించేవాణ్ణి. ఆ మాట నేను నిజంగానే నమ్మాను.

చివరికి పొద్దున్నే చేతులు వణకడం మొదలైంది. క్వార్టర్ పడితే గానీ చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాణ్ణి. ఆ ఏడు మాల వేసుకునే ధైర్యం చేయలేదు. ఒక సోమవారం పంతం పట్టి, ఎవరికీ చెప్పకుండా మానేశాను. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి.

రోజూ తాగే ఒళ్లు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చట. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి కూడా రావచ్చని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. ఇది చదువుతున్నవాళ్లలో రోజూ తాగేవాళ్లుంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, నాలా పంతానికి పోకండి. తాగుడు మాన్పించడానికి తెలియకుండా అన్నంలో కలిపే పొడి గురించి మా ఆవిడ అడిగితే డాక్టరమ్మకు కోపమే వచ్చింది. ఆ పొడిలో మద్యంతో పడని డైసల్ఫిరామ్ అనే మందు ఉండి, అది తెలియక మనిషి తాగితే బీపీ పడిపోయి చనిపోవచ్చంది. పంపించేటప్పుడు ఒక మాట అంది: "వణుకు మందులతో తగ్గుతుంది. సాయంత్రం ఏడింటికి ఏం చేస్తారో అది మీరే చూసుకోవాలి." చీటీ మీద ఏఏ అని రాసిచ్చింది. ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే సంఘం.

సికింద్రాబాద్‌లో నాకు దొరికిన మొదటి అడ్రస్‌కి వెళ్తే గదికి తాళం. మీటింగ్ వేరే చోటికి మారిందట. నిజం చెప్పాలంటే ఆ తాళం చూసి ఊపిరి పీల్చుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ నా ఫోన్‌లోంచి ఏఏ నంబర్ కలిపి నా చేతికిచ్చింది. ఎత్తినాయన ఆఫీసు మనిషి కాదు, ఒకప్పుడు తాగినవాడే. "ఎంత తాగుతావు" అని అడగలేదు. "ఇవాళ తాగావా? లేదా? అయితే రేపు గేటు దగ్గర నిలబడతాను, రా తమ్ముడూ" అన్నాడు.

చర్చి ఆవరణలో చిన్న గది. ప్లాస్టిక్ కుర్చీలు, టీ, బిస్కెట్లు. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమో అన్న టెన్షన్‌తో వెనక వరసలో కూర్చున్నాను. రిజిస్టర్ లేదు, ఫీజు లేదు, ఇంటిపేరు అడగలేదు. చివర్లో ఒక సంచీ తిప్పారు, అద్దెకీ టీకీ సభ్యులు తోచింది వేశారు. కొత్తవాణ్ణని నన్ను వెయ్యొద్దన్నారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ కలగజేసుకోరు, సలహాలివ్వరు. రిటైరైన మాస్టారొకాయన, కూతురి స్కూలు ఫీజు డబ్బులు తాగేసిన రోజు గురించి చెప్పాడు. ఆ పని నేనూ చేశాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నోరు విప్పలేకపోయాను, ఏడ్చాను. ఎవరూ వింతగా చూడలేదు.

ఏఏ ఎలా పుట్టిందో అక్కడే విన్నాను. 1935లో న్యూయార్క్ స్టాక్ బ్రోకర్ బిల్ విల్సన్ ఏక్రన్ అనే ఊళ్లో వ్యాపారం చెడి, హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడట. పక్కన బార్‌లోంచి సందడి వినిపిస్తోంది. అందులోకి పోకుండా ఉండాలంటే తనలాంటి తాగుబోతు ఇంకొకడితో మాట్లాడాలనిపించి ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. బాబ్ ఆఖరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు. ఈ కథ విన్నప్పుడే నా మాల సంగతి అర్థమైంది. ఆ 41 రోజులు నన్ను నిలబెట్టింది నా పట్టుదల ఒక్కటే కాదు. తెల్లారగట్ల తలుపు తట్టి లేపే స్వాములున్నారు, రోజూ సాయంత్రం భజన ఉంది. మాల తీయగానే అందరూ ఎవరిళ్లకు వాళ్లు పోయేవారు. నాకు సాయంత్రం మిగిలిపోయేది.

రెండు నెలల తర్వాత బంధువుల పెళ్లిలో మళ్లీ తాగాను. మొహం చెల్లక వారం రోజులు మీటింగ్‌కి పోలేదు. వెళ్లిన రోజు గేటు దగ్గర నిలబడ్డ ఆ అన్న "వచ్చావుగా, కూర్చో" అన్నాడు, అంతే. లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి. జీవితాంతం మానాలని ఎవరూ ఒట్టు వేయించరు, ఈ 24 గంటలే. కుటుంబాలవాళ్ల కోసం ఆల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. మా ఆవిడ వాటికి వెళ్తోంది. నా జేబులు వెతకడం మానేసింది. అక్కడ ఏం మాట్లాడుకుంటారో నేనడగను.

నిరుడు కార్తీకంలో మళ్లీ మాల వేసుకున్నాను. నల్లబట్టలతోనే మీటింగులకు వెళ్లాను, పక్క కుర్చీలో ముస్లిం అన్న, ఎదురుగా పాస్టర్ గారి తమ్ముడు. శబరిమల నుంచి వచ్చి మాల తీశాను. మర్నాడు సాయంత్రం ఏడు కావడానికి పావుగంట ముందే ఆ గది తాళం తీసి, కుర్చీలు వేశాను.