ఆఖరి బెంచీకి దక్కిన 641

గుంటూరులో మన బడిలో మా లెక్కల మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లని నిద్రలో లేపి మాస్టారి సంఖ్య ఏదని అడిగినా 641 అంటారు. తర్వాతి బ్యాచ్‌లవాళ్లకి ఆ సంగతి తెలియకపోవచ్చు, అందుకే రాస్తున్నాను.

పదో తరగతిలో ఉండగా ఓ శనివారం మాస్టారు బోర్డు నిండా 4294967297 అని రాశారు. 429 కోట్ల పైచిలుకు. 2³²కి 1 కలిపితే వచ్చేది ఇదే. 2 మీద ఘాతాన్ని 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేసుకుంటూ, ప్రతిసారీ 1 కలిపితే వచ్చే సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫెర్మా అనే గణితవేత్త నమ్మాడు. 3, 5, 17, 257, 65537 దాకా ఆ మాట నిలిచింది. దాని తర్వాతిదే బోర్డు మీది సంఖ్య.

"దీన్ని భాగించేది ఉంటే పట్టుకోండి" అన్నారు. మేం 3, 7, 11 అంటూ మొదలెట్టాం. కాసేపు చూసి, "కనపడ్డ దానితోనల్లా భాగిస్తూ కూర్చుంటే తెల్లారుద్దిరా. ఏవి పనికిరావో ముందు తేల్చుకోండి" అన్నారు. నాకు లెక్కల మీద ప్రేమ పుట్టింది ఆ ఒక్క మాటతోనే.

దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలి. అది ఆయిలర్ అనే గణితవేత్త రుజువు చేసిన సంగతి. 65, 129 లాంటివి ప్రధాన సంఖ్యలు కావు గనక కొట్టేశాం. వరసలో మిగిలినవి 193, 257, 449, 577, 641. బెంచీకొకటి పంచారు. ముందు నాలుగు బెంచీలకీ శేషం తేలింది. ఆఖరి బెంచీ భాగహారంలో చివరికి 448 మిగిలింది, పైనుంచి 7 దించితే 4487. అది సరిగ్గా ఏడు 641లు! భాగఫలం 6700417. ఆయిలర్ 1732లో పట్టుకున్నది ఈ 641నే. గది గదంతా కేకలు.

నాకైతే మాస్టారు సోమవారం చెప్పింది ఇంకా అందంగా తోచింది. 641 అంటే 5×128+1, అదే 625+16 కూడా. మొదటిదాన్ని బట్టి 5×2⁷ని 641తో భాగిస్తే శేషం −1, అంటే 641కి ఒకటి తక్కువ. నాలుగో ఘాతం వేస్తే 625×2²⁸కి శేషం 1. రెండోదాన్ని బట్టి 625 బదులు −16, అంటే −2⁴ పెట్టుకోవచ్చు. 4, 28 కలిస్తే 32, అంటే −2³²కి శేషం 1. కాబట్టి 2³²కి శేషం −1, దానికి 1 కలిపితే సున్నా. ఆ పది అంకెల సంఖ్యని ఒక్కసారి కూడా భాగించకుండానే తేలిపోయింది. శేషాలు తెలిసిన ఏ పదో తరగతి పిల్లవాడికైనా ఇది అందుతుంది, ఇప్పటి టీచర్లు తప్పకుండా చెప్పాలని నా కోరిక.

65537 తర్వాత ఈ వరసలో ఇంకో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు. బోర్డు మీది దాని తర్వాతిది 2⁶⁴+1. దాన్ని 1880లో లాండ్రీ అనే గణితవేత్త విడగొట్టాడు, కారణాంకం 274177. మాస్టారి పద్ధతిలోనే సరిచూడొచ్చు. 65536 వర్గాన్ని, అంటే 2³²ని, 274177తో భాగిస్తే 258768 మిగులుతుంది, అంటే 274177కి 15409 తక్కువ. 2³² వర్గమే 2⁶⁴ గనక ఆ 15409 వర్గానికి 1 కలిపి చూడండి, 274177కి సరిగ్గా 866 రెట్లు వస్తుంది.