వరసలో నా ముందు మామ్మగారు

ఆదివారం. రోహిణి కార్తె. పొద్దున్న తొమ్మిదికే బెజవాడ పెనం మీదున్నట్టుంది.

పటమటలో సరుకులకి వెళ్ళాను. బిల్లు కౌంటర్లు నాలుగుంటే పనిచేసేది ఒక్కటే. నా ముందు డెబ్బై దాటిన మామ్మగారు, చేతిలో పెసరపప్పు పాకెట్టు.

"అమ్మాయ్, అక్కడ చీటీ మీద 140 అనుంది. 144 ఎందుకు కొట్టావ్?"

"సిస్టంలో అంతే చూపిస్తోంది మామ్మగారూ."

"ఆ చీటీ అంటించింది మీరేనా, సిస్టమా?"

మామూలుగా అయితే ఈపాటికి పళ్ళు నూరుతూ ఉండేదాన్ని. సంచిలో పెరుగు పాకెట్లకి చెమటలు పడుతున్నాయి. కానీ ఇవాళ నవ్వొచ్చింది. రాత్రి చూసిన సినిమాలో ఇంచుమించు ఇదే సీను.

'అమెరికన్ స్ప్లెండర్'. 2003లో వచ్చింది, నాకు ఇన్నాళ్ళకి దొరికింది. హార్వీ పీకార్ అనే ఆయన క్లీవ్‌లాండ్‌లో మాజీ సైనికుల ఆస్పత్రిలో ఫైళ్ళు సర్దే గుమాస్తా. సూపర్ మార్కెట్ వరసలో రేటు దగ్గర పేచీ పెట్టిన ఒక పెద్దావిడ వెనక ఇరుక్కుని, ఉడికిపోయి, ఇంటికొచ్చి ఆ కోపాన్నే గళ్ళు గళ్ళుగా గీస్తాడు. బొమ్మలు రావు పాపం. అగ్గిపుల్లల్లాంటి మనుషుల్ని గీసి, పైన మాటలు రాసి, కార్టూన్లు గీసే స్నేహితుడు రాబర్ట్ క్రంబ్‌కి చూపిస్తాడు. బొమ్మలు నేనేస్తానంటాడు క్రంబ్. నిజంగానే 1976లో ఆ కామిక్ మొదలైంది, ఆయన బతుకే కథగా. ముసుగులూ లేవు, ఎగరడాలూ లేవు. పేరొచ్చాక కూడా ఆ గుమాస్తా ఉద్యోగం వదల్లేదు.

నాకు బాగా నచ్చింది ఏమిటంటే, హార్వీగా పాల్ జియామాటి నటిస్తుంటే, మధ్యమధ్యలో అసలు హార్వీయే వచ్చి కూర్చుంటాడు. కథ చెప్పే గొంతు కూడా ఆయనదే. ఈ నటుడికీ నాకూ పోలికే లేదని మొదట్లోనే సణుగుతాడు. పక్కన బొమ్మల హార్వీలు వేరే. ఎవరు నిజమో తేల్చమని సినిమా మనల్ని అడగదు, హాయిగా ఉంటుంది.

తర్వాత తన భార్య అయిన జాయిస్‌ని మొదటిసారి కలిసినప్పుడు హార్వీ పలకరింపు కంటే ముందు చెప్పేది, తనకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయిందని! ఆవిడేమన్నా తక్కువా? ఆయన ఇంట్లో వాంతి చేసుకుని, ఇంక ఈ తిరగడాలెందుకు, పెళ్ళి చేసేసుకుందాం అంటుంది. మా ఆయన పెళ్ళిచూపులకొచ్చి నోరు విప్పి అన్న మొదటి మాట, "ఫ్యాను కొంచెం పెంచుతారా." అది గుర్తుచేస్తే రాత్రి లేచి కూర్చున్నాడు. అంతవరకూ హార్వీ ఇంటి చిందరవందర చూసి, "ఇది మనింట్లో లేదా, సినిమా ఎందుకు" అంటూ ఆవలిస్తున్న మనిషి.

ఒక్కటే వెలితి. హార్వీకి క్యాన్సర్ వచ్చిన రోజులు తొందరగా దాటేశారనిపించింది. దాని మీద ఆ భార్యాభర్తలు విడిగా ఒక పుస్తకమే రాశారు. నాన్నకి కీమో జరిగిన ఆరు నెలల్లో నాకు గుర్తున్నదల్లా వరండాలో ఇనప కుర్చీలు, టోకెన్ నంబరు పిలుస్తారేమోనని కాఫీకి కూడా లేవకపోవడం. అలాంటి కూర్చోవడం ఇంకాసేపు ఉంటుందనుకున్నాను. అన్నట్టు, హార్వీ 2010లో పోయాడు.

సరే, మామ్మగారి సంగతి. కుర్రాడు వెళ్ళి చూసొచ్చాడు. 140 చీటీ పక్కనున్న వేరే పప్పుదట. ఆవిడ తగ్గలేదు. "అయితే దాని కిందే అంటించాలిగా?" పాకెట్టు అక్కడే పెట్టేసి, మిగతా వాటికి చేతిరుమాలు ముడి విప్పి చిల్లరంతా లెక్కపెట్టి ఇచ్చింది. వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి, "నీదీ చూసుకో అమ్మాయ్" అంది. చూసుకున్నాను. సరిగ్గానే ఉంది. కొంచెం నిరాశగా అనిపించిన మాట నిజం.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మా అమ్మాయి పాత లెక్కల నోటుబుక్కు తీసి, నాలుగు గళ్ళు గీసి, మామ్మగారిని, కౌంటరు పిల్లని, నా పెరుగు పాకెట్లని వేశాను. మామ్మగారి కొప్పు దగ్గర చాలాసేపు కష్టపడ్డాను.

మా అమ్మాయి తొంగిచూసి, "అమ్మా, ఈ దోసకాయ ఎందుకు అరుస్తోంది?" అంది.

బాణం గుర్తు పెట్టి, పక్కన 'మామ్మగారు' అని రాశాను.